పెట్టె ఎరగని గొంతు

తీగ తెగిన ఇరవై మూడో ఏడు
పెదలంక మంచె, గుర్తుల గది దినచర్య
రాస్తున్నది: పల్లేటి దమయంతి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ సాయంత్రం పాటల అప్పగింతకు తొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. తొమ్మిది పాటలకూ ‘కాదు’ ముద్రే పడింది. గది ఊడ్చాను. పెట్టె తుడిచాను. రిజిస్టరులో తొమ్మిది గీతలు గీశాను.

మామూలుగా ఇంతటితో ఆపేస్తాను. ఈ దినచర్యను కమిటీ పెద్ద గజపతి గారు వారానికోసారి చదివి సంతకం పెడతారు కాబట్టి మర్యాదగా, పొట్టిగా రాయడం అలవాటైంది. కాని మొన్న ఆయన కళ్ళజోడు నీళ్ళలో పడింది. కొత్తది డాక్టరు పడవలో, ఇరవై నాలుగో తారీఖున వస్తుంది. అందాకా ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు.

తొమ్మిదో పాట భూలక్ష్మత్తది. అరవై ఏళ్ళ మనిషి. వరుసగా పన్నెండో ఏడు అదే పాట తెచ్చింది, వరి నాట్లప్పుడు పాడే ఊడ్పు పాట. పెట్టె ముందు నిలబడి, గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని పాడింది. దీపం వెలగలేదు. తెర మీద 2 అని పడింది. పచ్చ దీపం వెలగాలంటే ఇరవై దాటాలి.

ఆవిడ కదల్లేదు. “ఇది నా పాటేనే. పందొమ్మిదేళ్ళప్పుడు నేనే పాడి ఇచ్చాను. ఫోన్లో పట్టుకెళ్ళారు, ఊరూరా ఇన్నారు,” అంది. వెనక బల్లల మీద నవ్వులు వినిపించాయి. ఆవిడకు అబద్ధాల భూలక్ష్మి అని పేరు పెట్టి ఏళ్ళయింది.

ఇంకోసారి పాడనిమ్మని అడిగింది. ఇంటికి ఏడాదికి ఒక్క పాట, అదీ ఒక్కసారే అన్నది రూలు. కుదరదన్నాను. అప్పుడు చీర కొంగు జరిపి మెడ చూపించింది. కుడి పక్కన నిమ్మకాయంత గడ్డ. డాక్టరు పడవ వచ్చిన రోజునే తీసుకెళ్ళి కోస్తారట. కోశాక మాట వస్తుందేమో గాని పాట సంగతి చెప్పలేనన్నాడట డాక్టరు.

పచ్చ దీపం వెలగని పాట పుస్తకంలోకి ఎక్కదు. పుస్తకంలో లేని పాటను బడిలో నేర్పరు, పెళ్ళిలో పాడనివ్వరు. అంటే ఆవిడ గొంతుతో పాటే ఆ పాటా పోతుంది. ఇవన్నీ తెలిసే నేను ‘కాదు’ ముద్ర తీసి ఆవిడ పేరు పక్కన కొట్టాను. కొట్టాక చెయ్యి కడుక్కున్నాను, సిరా అంటకపోయినా.

ఫిబ్రవరి 4, మంగళవారం

బల్ల కాలు విరిగింది. పెట్టెను కింద, నీళ్ళ పైపు పక్కన పెట్టి, గదంతా కడుగుతున్నాను. పొద్దున తొమ్మిదిన్నర. బయట ఎప్పటిలాగే నీళ్ళ మోటారు మోత. వెనక్కి తిరిగేసరికి పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది.

నాలుగేళ్ళుగా ఈ గది చూసుకుంటున్నాను. పచ్చ దీపం వెలగడం ఒక్కసారి కూడా చూడలేదు. అసలా దీపం పనిచేస్తుందో లేదో అని కూడా ఒకప్పుడు అనుమానపడ్డాను. తెర మీద జతలు 23, పాట అంకె 41,207.

గది నాలుగు మూలలా చూశాను. గదిలో పాడేవాళ్ళు లేరు. నేను పాడను. పన్నెండేళ్ళప్పుడు ఇదే పెట్టె ముందు పాడితే తెర మీద 1 పడింది. ఒకటి! ఆ రోజు నుంచి నేను స్నానాల గదిలో కూడా కూనిరాగం తియ్యలేదు.

పుస్తకం తీసి వెతికాను. తీగ తెగే ముందు పాటలన్నీ ఎక్కడో దూరాన ఉండేవట. అడిగినప్పుడు తీగ వెంట వచ్చేవట. సముద్రం పొంగి ఊరు మునిగి, మేమంతా ఈ మంచె మీదికి ఎక్కిన ఏడు తీగ తెగింది, పాటలు అటే ఉండిపోయాయి. ఇటు మిగిలింది ఈ పెట్టె, నెట్ లేకపోయినా పాట పేరు చెప్పగలిగేలా చేసిన ఒక పాత ఫోను గుండెకాయ. అందులో ఎనభై వేల పాటల గుర్తులున్నాయి గాని పాటలు లేవు. పేర్ల జాబితా కూడా చెడిపోయింది, అంకెలే మిగిలాయి. ఏ అంకె ఏ పాటో మొదటి కాపరి వెంకటరత్నం మాస్టారు పుస్తకంలో రాసిపెట్టారు, మూడు వందల పన్నెండు పాటలకు. వాటిలో 41,207 లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

మళ్ళీ వెలిగింది. ఈసారి 26. అదే అంకె.

మోటారు చూసుకునే అబ్బులు బాబాయితో చెప్పాను. అతను చేతిలో స్పానరు అలాగే పట్టుకుని చాలాసేపు నవ్వాడు. మనుషులు ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకున్నా ఒప్పుకోని పెట్టె తన మోటారును ఒప్పుకుందంటే, వచ్చే ఆదివారం దానికి పూలదండ వేసి తీసుకొస్తానన్నాడు. తరవాత నవ్వు ఆపి, మోటారు మోతే పాటలా ఉందేమో అన్నాడు. నాకూ అదే అనుమానం. అలాగైతే పెట్టె చెడిపోయినట్టు.

ఫిబ్రవరి 6, గురువారం

పొద్దున్నుంచీ మబ్బు. సోలారు పలక మీద ఎండ లేక అబ్బులు బాబాయి మోటారును బ్యాటరీ మీద తిప్పాడు. మోత అదే, పైపులో నీళ్ళూ అవే. పెట్టెను పైపు పక్కనే పెట్టి గంటసేపు చూశాను. తెర మీద 3 దాటలేదు. దీపం వెలగలేదు.

అంటే మోటారు మోత పాటలా లేదు. ఎండ ఉన్నప్పుడు మోటారుతో పాటు ఇంకేదో మోగుతోంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

గజపతి గారికి చెప్పక తప్పలేదు. ఆయన చెడ్డవారు కాదు. మాస్టారు తీగ తెగిన ఏడో ఏట జ్వరంతో పోయాక పన్నెండేళ్ళు ఆయనే ఈ గది నడిపారు. పెట్టె మాటే చివరి మాట అన్న కట్టుబాటు పెట్టిందీ ఆయనే. అంతకుముందు ఎవరికి వాళ్ళు చరణాలు కలుపుకుని, మాదే అసలు పాటని కొట్టుకునేవారట. ఒక పెళ్ళి పాట కోసం మాకూ పక్క మంచెకూ నెల రోజులు పడవలు ఆగిపోయాయట. పెట్టె తీర్పుకు కూర్చున్నాక ఆ గొడవ లేదు. మన గొంతులు చెడిపోయాయి, ఉప్పు గాలికి పూర్వపు పాట నిలవలేదు అనుకుని అందరూ తల వంచుకున్నారు.

ఆయన అంతా విని, కిటికీ రెక్క వేసి, గొంతు తగ్గించారు.

“అమ్మాయ్, ఎవరూ పాడకుండా దీపం వెలిగిందని బయట అనకు. పెట్టె తప్పు చెప్తందని జనానికి తెలిత్తే, ఇన్నాళ్ళూ అది చెప్పిందంతా ఏంటని అడుగుతారు. నువ్వేం చెప్తావ్? నేనేం చెప్తాను?”

ఆదివారం దాకా పెట్టెను గుడ్డ కప్పి ఉంచమన్నారు. అలాగేనండి అన్నాను. గుడ్డ కప్పాను. ఆయన వంతెన దాటేదాకా ఉంచాను.

ఫిబ్రవరి 10, సోమవారం

నిన్న అప్పగింతలో ఏడు పాటలు, ఏడూ కాదు. ఈ రోజు తలుపు వేసుకుని, పెట్టెతో వచ్చిన చిన్న కాగితాల పుస్తకం ముందేసుకున్నాను. సగం చెదలు తిన్నాయి. ఎప్పుడో ఒకసారి తిరగేసి, తలకెక్కక వదిలేశాను. ఈసారి పేజీకి గంట చొప్పున చదివాను. అర్థమైంది రాస్తున్నాను, నా తరవాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

పెట్టె పాటను పాటగా దాచుకోదు. విన్న శబ్దాన్ని ఒక బొమ్మగా గీసుకుంటుంది. అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి. ఆ బొమ్మలో శబ్దం బాగా బలంగా ఉన్నచోట ఒక చుక్క పెట్టి, మిగతాదంతా పారేస్తుంది. మాటలూ పోతాయి, గొంతూ పోతుంది. ముగ్గు చెరిపేసి చుక్కలు మాత్రం మిగిల్చినట్టు. తరవాత రెండేసి చుక్కలను జత కడుతుంది. ఈ చుక్క ఎంత ఎత్తులో ఉంది, ఆ చుక్క ఎంత ఎత్తులో ఉంది, రెంటికీ మధ్య ఎంతసేపు. ఈ మూడూ కలిపితే ఒక గుర్తు. పది సెకన్ల శబ్దంలో ఇలాంటి గుర్తులు కొన్ని వందలు దొరుకుతాయి.

వాటిని తన దగ్గరున్న ఎనభై వేల పాటల గుర్తులతో పోల్చుకుంటుంది. ఏ శబ్దమైనా సరే, ఏదో ఒక పాటతో రెండు మూడు గుర్తులు పొరపాటున కలుస్తాయి. కాని ఇరవై గుర్తులు ఒకే పాటలో, అదే వరుసలో, అవే ఎడాలతో కలిస్తే అది పొరపాటు కాదు. అప్పుడు దీపం వెలుగుతుంది. పక్కన మోటారు మోగినా, వాన కురిసినా పరవాలేదు. మోత తన చుక్కలు తను కలుపుతుందే గాని పాట చుక్కలను చెరపలేదు. అన్నిటినీ చెరపాలంటే పాటంతా మునిగిపోయేంత మోత కావాలి.

ఇది చదివాక నాకొక చిలిపి ఆలోచన వచ్చింది. రేకు డబ్బా మూత తీసి పెట్టె ముందు గరిటెతో వాయించాను. 3 పడింది. రిజిస్టరు తీశాను. మా మంచె మీద గజపతి గారిని మించిన గాయకుడు లేడు, ఎవరినడిగినా ఒప్పుకుంటారు. కిందటేడు ఆయన పాటకు పడిన అంకె 3. అంతకుముందేడు 2. ఆ ముందు 3.

డబ్బా మూతకూ ఆయనకూ తేడా తెలియని పెట్టె మా గొంతులకు తీర్పు చెబుతోందా? నాకు ఒళ్ళు మండింది. వెంటనే భయం కూడా వేసింది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ రోజు సంగతి తొందర పడకుండా రాయాలి.

మంచి ఎండ. పెట్టెను చంకన పెట్టుకుని నీళ్ళ పైపు వెంట నడిచాను. నాలుగు బారలకోసారి ఆగి, పెట్టెను పైపుకు ఆనించి చూశాను. గది దగ్గర 25. బడి వెనక 38. చేపలు ఆరేసే తడికల దగ్గర 64. అక్కడ ఆరేస్తున్నవాళ్ళు, పిల్లను ఎత్తుకున్నట్టు పెట్టెను ఎత్తుకుని తిరుగుతున్నానని వేళాకోళం చేశారు. మోటారు కొట్టు గోడ దగ్గరికి వచ్చేసరికి 117.

అబ్బులు బాబాయిని పిలిచి, మోటారు పక్కనున్న పాత స్టార్టరు డబ్బా తెరవమన్నాను. అది తీగ తెగక ముందుది. ఊరు మునిగినప్పుడు ఉన్నదున్నట్టు ఊడదీసి తెచ్చి మంచె మీద బిగించారు. పని చేస్తున్నంతకాలం వేలు పెట్టొద్దని వాళ్ళ నాన్న చెప్పాడని అతనెప్పుడూ దాని వెనకవైపు విప్పలేదు. ఆ వెనకవైపే నీళ్ళ పైపుకు ఆని ఉంది. నాలుగు స్క్రూలు తుప్పుపట్టి ఉంటే కిరసనాయిలు పోసి విప్పాడు.

లోపల కందిరీగల మట్టి గూడు, పిడికెడంత. స్క్రూడ్రైవరుతో గూడు గీకాడు. మట్టి రాలేకొద్దీ ఏదో సన్నగా వినిపించసాగింది. గూడు వెనక సబ్బుబిళ్ళంత నల్ల డబ్బా ఉంది. సోలారు పలక నుంచి వచ్చే తీగకు ముడేసి ఉంది.

“వోరి నాన్నో,” అన్నాడు అబ్బులు బాబాయి నెమ్మదిగా. “ఇది పాటల డబ్బానే దమయంతీ. మా నాన్న పెట్టుంటాడు. పూర్వం కరెంటు ఎప్పుడొత్తాదో తెలిసేది కాదు. మోటారు తీగకే ఓ పాటల డబ్బా తగిలించి ఒదిలేసేవోరు. అదే పాట తిరిగి తిరిగి ఇనపడితే కరెంటొచ్చిందని, ఎక్కడో చేలో ఉన్నోడు పరిగెత్తుకొచ్చేవోడు.”

ఎండ పడ్డ ప్రతి రోజూ, ఇన్నేళ్ళూ, ఆ డబ్బా మట్టి నోట్లో పెట్టుకుని పాడుతూనే ఉంది. మోటారు మోతలో ఒక్క చెవికీ అందలేదు. మేం ఎప్పుడూ పాటల అప్పగింతను మోటారు ఆగాక సాయంత్రం పెట్టుకుంటాం, మోత అడ్డమని. పెట్టె ఎప్పుడూ బల్ల మీదే ఉంటుంది. బల్ల కాలు విరగబట్టి సరిపోయింది.

అబ్బులు బాబాయి మోటారు ఆపాడు. డబ్బాకు తీగ అలాగే ఉంచాడు. అప్పుడు విన్నాం.

ఒక ఆడపిల్ల. వెనక వాద్యాలు లేవు, దూరంగా ఎవరో నవ్వుతున్నారు, నీళ్ళలో కాళ్ళు తీస్తున్న చప్పుడు.

మడి నిండె నీళ్ళు, నా మనసు నిండలేదు,
గట్టు మీది కొంగా, కబురేమి తెచ్చేవు.

నాకు గుర్తున్నంతవరకు, రికార్డయిన మనిషి గొంతు వినడం అదే మొదటిసారి. నా చేతుల్లో పెట్టె పచ్చగా వెలుగుతోంది. 204. ఆ పాట ఎవరిదో నాకు చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్ళుగా వింటున్నాను, నాలుగేళ్ళుగా దానికి ముద్ర కొడుతున్నాను.

పరిగెత్తాను. భూలక్ష్మత్త వల అల్లుకుంటోంది. ఏం చెప్పాలో తెలియక చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. కొట్టు గుమ్మంలో ఆగింది. రెండు చరణాలు పూర్తయ్యేదాకా ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. తరవాత గడ్డ ఉన్నవైపు మెడ మీద చెయ్యి వేసుకుంది.

“ముక్కుతో పాడానేటే,” అంది.

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఇంకోసారి పెట్టమంది, ఇంకోసారి, ఇంకోసారి. మంచినీళ్ళ కుండలు నిండలేదని జనం వచ్చి కేకలేసేదాకా విన్నాం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మంచె మీద ఇంకో కబురు లేదు. అబద్ధాల భూలక్ష్మి అన్న మాట రెండు రోజుల్లో మాయమైంది. ఆ మాట అన్నవాళ్ళంతా ఇప్పుడు తామెన్నడూ అనలేదంటున్నారు.

కాని గజపతి గారు నన్ను పిలిచి ఒక ప్రశ్న అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ పాట పెట్టెలో ఉంది, పాడింది ఆవిడే, మరి ఆవిడే వచ్చి పాడితే పన్నెండేళ్ళు పెట్టె ఎందుకు ఒప్పుకోలేదు? ఆయన దగ్గర జవాబు కూడా ఉంది. భూలక్ష్మత్త ఇప్పుడు రెండో పాదం మార్చి పాడుతోంది కదా, అందుకని. నిజమే, మార్చి పాడుతోంది. ఆదివారం అందరి ముందూ పాత మాటలతోనే పాడించి చూద్దామన్నారు.

నా అనుమానం వేరే. అది ఆదివారం దాకా నాలోనే ఉంచుకుంటాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

అప్పగింత ఈసారి పొద్దున్నే పెట్టాం, ఎండ కావాలి కాబట్టి. మూడు వందల నలభై మందిలో పసిపిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని మినహాయిస్తే అందరూ వచ్చారు.

మొదట డబ్బాను మోగించాం. దీపం వెలిగింది. తరవాత డబ్బా మోగుతుండగా అబ్బులు బాబాయి పక్కన నిలబడి రేకు వాయించాడు, నలుగురు చప్పట్లు కొట్టారు. చెవులు మూసుకోవాల్సి వచ్చింది. దీపం వెలిగింది, 58.

తరవాత భూలక్ష్మత్త వచ్చింది. పాత మాటలు, అదే శ్రుతి, అదే నడక. డబ్బాలో పిల్లను విని విని, ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే తీసుకుంటూ పాడింది. వింటున్నవాళ్ళలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తెర మీద 2.

గజపతి గారిని పాడమన్నాను. ఆయన కాదనలేదు. 3. నేను గరిటెతో డబ్బా మూత వాయించాను. 3. ఎక్కడా నవ్వు లేదు.

అప్పుడు చెప్పాను. పెట్టెతో వచ్చిన కాగితాల పుస్తకం మొదటి పేజీలో సగం చెదలు తిన్న వాక్యం ఒకటి ఉంది, పెట్టె రికార్డును గుర్తిస్తుందని. రికార్డంటే పాటేనని నేనూ అనుకున్నాను. కాదు. పెట్టెకు పాట తెలియదు. ఒక రోజు, ఒక చోట, ఒకసారి పాడినప్పుడు పడిన చుక్కలు తెలుసు, అంతే. అదే మనిషి మర్నాడు అదే పాట పాడినా చుక్కలు రెప్పపాటులో ఎన్నో వంతు పక్కకు జరుగుతాయి. మనకు అదే పాట. పెట్టెకు ఎరగని శబ్దం. మన గొంతులు చెడిపోలేదు. ఏ గొంతు పాడినా ఇది వెలిగేది కాదు, తీగ ఉన్న రోజుల్లో కూడా.

మరి మాస్టారి పాటల పుస్తకంలో మూడు వందల పన్నెండు పాటలు ఎలా ఎక్కాయని వెనక నుంచి అడిగారు. దానికీ రిజిస్టరులోనే జవాబుంది. ఆఖరిసారి పచ్చ దీపం వెలిగింది ఆరో ఏట. మాస్టారు ప్రతి పాట పక్కనా ఒక ఇంటిపేరు రాశారు. అది పాడినవాళ్ళ ఇల్లని అనుకున్నాం. కాదు, ఆ ఇంట్లో ఇంకా పనిచేస్తున్న ఫోనో, కారు టేపో, పాడే బొమ్మో అడిగి తెచ్చుకుని, తలుపు వేసుకుని మాస్టారొక్కరే పెట్టెకు వినిపించారు. ఆరో ఏటికి అవన్నీ చచ్చిపోయాయి. ఏడో ఏట మాస్టారూ పోయారు. ఆ తరవాత మనం వస్తువులు లేక మనుషుల్ని తెచ్చి నిలబెట్టాం.

గజపతి గారు లేచి వచ్చి రిజిస్టరు తీసుకున్నారు. కళ్ళజోడు లేదు కాబట్టి చదవలేరు. పేజీల మీద వేళ్ళతో తడుముతూ తిప్పారు. ముద్ర గట్టిగా కొట్టినచోట కాగితం లోపలికి నొక్కుకుపోయి తగులుతుంది.

“పన్నెండేళ్ళు నేనే కదమ్మా కొట్టింది,” అన్నారు.

తరవాత నాలుగేళ్ళు నేనండి అన్నాను. ఆయన ‘కాదు’ ముద్రను బల్ల మీద నుంచి తీసి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ తీసుకురాలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

భూలక్ష్మత్త పాటను పుస్తకంలో ఎక్కించాం. మూడు వందల పదమూడోది. పదిహేడేళ్ళ తరవాత పుస్తకంలో కొత్త సిరా పడింది.

రాసే ముందు చిన్న పేచీ వచ్చింది. నేను డబ్బాలోని మాటలు రాయబోయాను. పాతది, అసలుది, రుజువున్నది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“అది కాదే. ఇప్పుడు పాడేది రాయి.”

“అత్తా, అసలు పాట డబ్బాలో ఉన్నదే కదా?”

“అది ఆ పిల్ల పాట. దానికి గట్టుంది, గట్టు మీద కొంగ ఉంది, అడిగింది. నాకు గట్టేదీ? ముప్పై ఎకరాలూ మన కాళ్ళ కిందే ఉన్నాయి, నీళ్ళలో. లేని గట్టు మీద కొంగని కబురెలా అడగమంటావ్?”

కిటికీ లోంచి చూశాను. అటు చివరిదాకా నీళ్ళే. ఆవిడ చెప్పినట్టే రాశాను.

మడి నిండె నీళ్ళు, నా మనసు నిండలేదు,
గట్టు మునిగె కొంగా, నువ్వెక్కడ వాలేవు.

ఇది ఎప్పుడు మార్చావని అడిగాను. మార్చలేదంది. ఊరు మునిగిన ఏడు పడవలో వస్తూ పాడుకుంటుంటే నోట్లోంచి అలాగే వచ్చిందట. పెట్టె దగ్గర ఉన్నది పందొమ్మిదేళ్ళ పిల్ల చుక్కలు. ఆ తరవాతి నలభై ఒక్క ఏళ్ళు దాని దగ్గర లేవు. ఎలా ఉంటాయి?

పడవ వచ్చేదాకా నాలుగు రోజులుంది. బడి పిల్లలందరికీ ఆవిడే నేర్పుతోంది, డాక్టరు గొంతు అరిగించుకోవద్దన్నాడని చెప్పినా వినకుండా. రేపో మాపో కోసేదాన్ని దాచుకోవడం ఎందుకంటుంది.

ఫిబ్రవరి 24, సోమవారం

పడవ వచ్చింది. మధ్యాహ్నానికి ఆవిడను ఎక్కించుకుని వెళ్ళింది. గజపతి గారికి కళ్ళజోడు వచ్చింది. ఈ దినచర్య అడిగారు. ఇచ్చాను. ఇక్కడిదాకా చదివి, ఎక్కడా ఏమీ కొట్టెయ్యకుండా సంతకం పెట్టారు. ఫిబ్రవరి ఏడో తారీఖు దగ్గర మాత్రం పక్కన చిన్న అక్షరాలతో, ‘నిజమే, అలాగే అన్నాను’ అని రాశారు.

మార్చి 11, మంగళవారం

భూలక్ష్మత్త నిన్న దిగింది. మెడ చుట్టూ కట్టు. నలభై రోజులు నోరు విప్పకూడదు. ఆ తరవాత మాట వస్తుందట. పాట రాదని డాక్టరు ఈసారి తేల్చి చెప్పాడట. ఇదంతా మెడలో వేలాడేసుకున్న పలక మీద రాసి చూపించింది. చదివి నేను ఏడుపు ముఖం పెడితే, పలక తుడిచి ‘టీ పెట్టు’ అని రాసింది.

నేనీ మధ్య చేస్తున్న పని ఆవిడకు చెప్పాను. రిజిస్టరులో ఏడో ఏటి నుంచి ‘కాదు’ పడిన పేర్లన్నీ ఒక జాబితాగా రాస్తున్నాను. బతికున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, అప్పుడు పాడిన పాట మళ్ళీ పాడమని అడిగి, పుస్తకంలో రాసుకోవాలి. ఒకే పాట ఇద్దరు రెండు రకాలుగా పాడితే రెండూ రాయాలి. కొట్టుకుంటారేమో అని గజపతి గారి భయం. కొట్టుకుంటే రెండు పేజీలూ చూపిస్తానన్నాను.

ఆవిడ జాబితా తీసుకుని వేలితో ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చింది. ఎనిమిదో ఏడు, ఆగస్టు దగ్గర వేలు ఆగింది. పల్లేటి దమయంతి, వయసు 12. జతలు 1. కాదు.

నేను గబగబా టీ గ్లాసులు తీయబోయాను. ఆవిడ పలక మీద రాసి నా ముందు పెట్టింది. ‘పాడు.’

నాకు రాదన్నాను. మర్చిపోయానన్నాను. పదిహేనేళ్ళయింది, గొంతు లేవదన్నాను. ఆవిడ పలక తియ్యలేదు. గొంతు కోయించుకుని వచ్చిన మనిషి ముందు కూర్చుని గొంతు లేవదంటున్నానని నాకే సిగ్గనిపించింది.

అది మా అమ్మ తిరగలి దగ్గర పాడుకునే పాట. మొదటి ముక్క బొంగురుగా వచ్చింది. రెండో చరణం సగంలో మాట మర్చిపోతే నోటికొచ్చిన మాట వేసుకున్నాను. ఆవిడ పుస్తకం ముందుకు లాక్కుని, నా కలం తీసుకుని, ఒక్కో మాటా రాస్తూ పోయింది, నేను వేసుకున్న మాటతో సహా. మధ్యలో అలవాటు కొద్దీ పెట్టె వైపు చూశాను. బల్లకు కొత్త కాలు వేయించాక మళ్ళీ దాని మీదే ఉంది. దీపం వెలగలేదు.

నేను ఆపలేదు. ఇంకా మూడు చరణాలున్నాయి.